నల్లగీత కింద అంకె బతికే ఉంది

ఆధార్ జిరాక్స్ మీద నంబరు కనపడకుండా స్కెచ్‌పెన్నుతో నాలుగు గీతలు గీసి ఎవరికైనా ఇచ్చారా? అలాంటి కాగితం ఒకటి ట్యూబ్‌లైటుకు అడ్డంపెట్టి చూడండి. సిరా మెరుపు వేరు, టోనర్ మెరుపు వేరు. చాలాసార్లు కాగితం వెనక్కి తిప్పినా అంకెలు చదివేయొచ్చు.

2023 జూన్‌లో అమెరికాలో సోనీ కంపెనీకి జరిగింది ఇదే. మైక్రోసాఫ్ట్ మీద నడిచిన కేసులో సోనీ తరఫున కోర్టుకిచ్చిన కాగితాల మీద మార్కర్ పూసి స్కాన్ చేశారు. స్కాన్‌లో సిరా పలచబడి అంకెలు పైకి తేలాయి. ఒక్క వీడియోగేమ్ తయారీకి 22 కోట్ల డాలర్లయిందన్న గుట్టు లోకమంతా చదివింది.

పోనీ కంప్యూటర్‌లో చేస్తే? అది ఇంకా ప్రమాదం. చూడ్డానికి మరీ శుభ్రంగా ఉంటుంది కాబట్టి అనుమానమే రాదు. 2019 జనవరిలో, ట్రంప్ ఎన్నికల ప్రచారం నడిపిన పాల్ మనాఫర్ట్ తరఫు లాయర్లు దాఖలు చేసిన పీడీఎఫ్‌లో నల్లడబ్బాలు ముచ్చటగా ఉన్నాయి. వాటి మీద మౌసు లాగి, కాపీ చేసి, వేరేచోట పేస్ట్ చేస్తే కింది వాక్యాలన్నీ వచ్చిపడ్డాయి. అంత ఫీజు పుచ్చుకునే లాయర్లకే ఆ గతి పట్టింది!

మన దగ్గర ఇది నంబర్లతో ఆగదు. సమాచార హక్కు చట్టం 10వ సెక్షన్ కింద కొంత భాగం దాచి మిగతాది ఇచ్చే అధికారి, అత్యాచార బాధితురాలి పేరు కొట్టేసి కాగితం బయటపెట్టే గుమాస్తా డబ్బా గీసి ఊరుకుంటే బయటపడేది ఒక మనిషి బతుకు.

కాగితమైతే అసలు ప్రతి జోలికి పోకండి. ఒక కాపీ తీసి, దాచాల్సిన ముక్కను బ్లేడుతో కోసి పారేయండి. వెనక తెల్లకాగితం పెట్టి మళ్లీ జిరాక్స్ తీసి, ఆ రెండోదే ఇవ్వండి. నా ఓటు ఈ మోటు పద్ధతికే. ఫైలైతే కాపీలో అక్షరాలను పూర్తిగా చెరిపేశాకే పీడీఎఫ్ చేయండి, లేదా దాచాల్సిన భాగాన్ని చెరిపేసే రిడాక్ట్ టూల్ వాడి 'అప్లై' నొక్కి సేవ్ చేయండి. ఫోన్‌లో హైలైటర్‌తో నల్లగా రుద్దడం వద్దే వద్దు, బ్రైట్‌నెస్ పెంచితే అడుగున ఉన్నది కనిపిస్తుంది. ఆధార్‌కైతే మొదటి 8 అంకెలు లేని మాస్క్‌డ్ కాపీ ఆధార్ సంస్థ సైట్లోనే దొరుకుతుంది.

పోయిన వారం మీరు పంపిన పీడీఎఫ్ ఇంకా ఫోన్‌లోనే ఉండి ఉంటుంది. తెరిచి, ఆ నల్లడబ్బా మీద వేలుపెట్టి నొక్కి కాపీ కొట్టి చూడండి.