మాత్ర మింగాక ఏమైందో ఎవరు రాస్తారు?

హాస్టల్లో ఉన్నవారికి అమ్మానాన్నల బదులు సంతకం పెట్టేది వార్డెన్ గారే. స్కాలర్‌షిప్ ఫారానికి అది సరే. మన ఒంట్లోకి వెళ్ళే మందుకు కూడా ఆ సంతకం చాలునా?

ఈ ప్రశ్న ఒకసారి పార్లమెంటు దాకా వెళ్ళింది. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో 10 నుండి 14 ఏళ్ళ బాలికలు దాదాపు 14,000 మందికి, గర్భాశయ ముఖద్వార కేన్సర్‌ను నివారించే హెచ్.పి.వి. టీకా వేశారు. వారిలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో చదివే గిరిజన, దళిత బాలికలు. ఖమ్మం, గుజరాత్‌లోని వడోదరలలో కలిపి టీకా వేయించుకున్న ఏడుగురు బాలికలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. ఈ మాట కూడా మనం మరువకూడదు. కానీ 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం 9,543 అంగీకార పత్రాల్లో 2,763 పత్రాలపై వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులే సంతకాలు చేశారు. దుష్ఫలితాలను గమనించి నమోదు చేసే ఏర్పాటు సరిగా లేదని కూడా సంఘం తప్పుపట్టింది.

మిత్రులారా, నేను టీకాలు వద్దనటం లేదు. నమోదు లేనిచోట పుకారు పెరుగుతుందంటున్నాను. ఐరన్ మాత్రను కిటికీలోంచి పారేసే తమ్ముళ్ళు ప్రతి హాస్టల్లోనూ ఉంటారు. నిన్న కడుపులో తిప్పిందని చెబితే వినేవారుంటే, పరగడుపున వేసుకోవద్దని చెప్పేవారుంటే, వాడు దాన్ని పారేయడు.

కొత్త మందును అమ్మకానికి ముందు సాధారణంగా కొన్ని వేలమందిపై పరీక్షిస్తారు. పదివేలమందిలో ఒకరికి వచ్చే ప్రమాదం అప్పుడు బయటపడకపోవచ్చు. గూడెంలో ఒకరికి, కైకలూరులో ఒకరికి వచ్చిన దద్దుర్లు విడివిడిగా ఏమీ చెప్పవు. ఒకచోట చేరితేనే సంగతి తెలుస్తుంది. అందుకే 2010 జూలైలో దేశవ్యాప్తంగా ఔషధ దుష్ఫలితాల నమోదు కార్యక్రమం మొదలైంది. 2011 నుండి ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దీన్ని నడుపుతోంది. డాక్టరే కానక్కరలేదు, మందు వాడినవారైనా 1800-180-3024కు ఉచితంగా ఫోన్ చేసి చెప్పవచ్చు. రుజువు అక్కరలేదు, అనుమానం చాలు. అది ఎవరిమీదా ఫిర్యాదు కాదు.

"చిన్న దద్దురుకు ఇంత హడావిడా?" అంటారు కొందరు. రాయటానికి రెండు నిమిషాలు పడుతుంది. రాయకపోతే, అదే మందు అదే పిల్లవాడికి మళ్ళీ ఇస్తే, రెండోసారి ప్రాణం మీదికి రావచ్చు.

కాబట్టి ప్రతి హాస్టల్లో ఒక మందుల రిజిస్టరు పెట్టాలి. తేదీ, మాత్ర పేరు, అట్టమీది బ్యాచ్ నంబరు, ఎంతసేపటికి ఏమైంది, ఇంటికి ఫోన్ చేశారా లేదా అన్నవి అందులో ఉండాలి. చేరేటప్పుడే ఏ మందు పడదో తల్లిదండ్రులను అడిగి రాసుకోవాలి. భోజనానికి, హాజరుకు రిజిస్టర్లున్నాయి. పిల్లల ఆరోగ్యానికి మరొకటి బరువు కాదు. పూర్వ విద్యార్థుల్లో నర్సులు, ఫార్మసిస్టులు ఉన్నారు. ఒక ఆదివారం వచ్చి అది ఎలా రాయాలో నేర్పితే, తాము చదువుకున్న హాస్టల్‌కు అంతకు మించిన కానుక ఉండదు.