ఊరి అప్పు మీద ఢిల్లీ పన్ను

మునిసిపల్ బాండ్ల మీద వచ్చే వడ్డీకి కేంద్రం పన్ను వేస్తే అది కట్టేదెవరు? బాండు కొన్నవాడు అని టక్కున చెప్పేస్తాం. కాగితం మీద కరెక్టే. కానీ అసలు కట్టేది ఆ ఊరు. అంటే ఆ ఊళ్ళో ఆస్తిపన్ను, నల్లా బిల్లు కట్టుకునే మనమే. ఎలాగో కింద లెక్కేసి చూపిస్తాను. మనవాళ్ళకి లెక్క చూపిస్తే గానీ నమ్మకం కుదరదు కదా :)

ముందు అమెరికా సంగతి. అక్కడున్న మనవాళ్ళలో చాలామందికి 'మ్యూనీ ఫండ్' అంటే తెలుసు. ఊరి కార్పొరేషనో, కౌంటీనో, స్కూల్ డిస్ట్రిక్టో అప్పు చేస్తే ఆ వడ్డీ మీద ఫెడరల్ ఆదాయపు పన్ను ఉండదు. 1913లో ఆదాయపు పన్ను పెట్టిన నాటి నుంచీ ఇదే పద్ధతి. ఇది రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదనీ, కాంగ్రెస్ తలుచుకుంటే పన్ను వేయొచ్చనీ 1988లో సౌత్ కరోలినా వర్సెస్ బేకర్ కేసులో అక్కడి సుప్రీం కోర్టు తేల్చేసింది. అయినా వేసే ధైర్యం చెయ్యలేదు. 2017 పన్ను చట్టంలో ఒక మూల కత్తిరించారు (పాత అప్పుని ముందుగానే కొత్త అప్పుతో తీర్చే బాండ్లకి మినహాయింపు పోయింది). 2025లో పన్ను కోతల కోసం డబ్బులు వెతుక్కుంటూ మొత్తం మినహాయింపే తీసేద్దామన్న ఆలోచన వచ్చింది. మేయర్లు, కౌంటీల వాళ్ళు పార్టీలతో సంబంధం లేకుండా వాషింగ్టన్ మీద పడ్డారు. "మీరు పన్ను వేసేది పెట్టుబడిదారుడి మీద కాదు, మా మంచినీళ్ళ పైపుల మీద" అన్నది వాళ్ళ వాదన సారాంశం. 2025 జూలైలో చట్టమైన బిల్లులో మినహాయింపు అలాగే మిగిలింది.

మరి మన దగ్గర? మన దగ్గర ఆ వడ్డీ మీద మామూలుగా పన్ను ఉంది. కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తేనే మినహాయింపు. 1999-2000 బడ్జెట్‌తో ఆ తలుపు కాస్త తెరిచారు. 2002లో అహ్మదాబాద్, 2003లో మన హైదరాబాద్, 2004లో విశాఖ అలా పన్ను లేని బాండ్లు వేశాయి. అప్పటి మునిసిపల్ కార్పొరేషన్ ఆఫ్ హైదరాబాద్ తెచ్చింది 82.5 కోట్లు, వడ్డీ 8.5 శాతం. ఆ తర్వాత చాలా ఏళ్ళు అంతా నిశ్శబ్దం.

2015లో సెబీ కొత్త నిబంధనలు తెచ్చాక మళ్ళీ కదలిక వచ్చింది. జీహెచ్ఎంసీ రోడ్లు, ఫ్లైఓవర్ల కోసం (అదే, ఎస్ఆర్‌డీపీ) మూడు విడతల్లో అప్పు చేసింది:

2018 ఫిబ్రవరి: 200 కోట్లు, 8.90 శాతం
2018 ఆగస్టు: 195 కోట్లు, 9.38 శాతం
2019: 100 కోట్లు, 10.23 శాతం

మొత్తం 495 కోట్లు, అన్నీ పదేళ్ళ బాండ్లే. ఈసారి పన్ను మినహాయింపు లేదు. దాని బదులు కేంద్రం అమృత్ కింద ప్రోత్సాహకం పెట్టింది. నగరం తెచ్చే ప్రతి 100 కోట్లకి 13 కోట్లు, గరిష్ఠంగా 26 కోట్లు.

ఇప్పుడు లెక్క. మొదటి విడత 200 కోట్లు తీసుకుందాం. 8.90 శాతం వడ్డీలో 30 శాతం పన్ను, దాని మీద సెస్సు, వెరసి 31.2 శాతం పోతే కొన్నవాడి చేతికొచ్చేది 6.12 శాతం. అంటే పన్ను లేకపోతే అదే మనిషి 6.12 శాతానికే అప్పిచ్చినా అతనికి నష్టం లేదు. తేడా 2.78 శాతం. 200 కోట్ల మీద ఏడాదికి 5.5 కోట్ల పైచిలుకు. అసలు చివర్లో ఒకేసారి తీర్చేట్టయితే పదేళ్ళకి 55 కోట్లు. దాన్ని ఈరోజు విలువకి మారిస్తే (అదే 8.90 శాతంతో డిస్కౌంట్ చేసి) దాదాపు 36 కోట్లు. కేంద్రం ఇచ్చేది 26.

"ఆ తేడా అంతా ఊరికే దక్కదు కదా, కొంత కొన్నవాడు తినేస్తాడు" అంటారు. నిజమే. కొనేవాళ్ళందరూ 30 శాతం శ్లాబులో ఉండరు. ఊరికి సగమే దక్కితే 18 కోట్లు, అప్పుడు 26 కోట్ల ప్రోత్సాహకమే నయం. ఒప్పుకుంటాను. కానీ ఆ ప్రోత్సాహకం 200 కోట్ల దగ్గర ఆగిపోతుంది. మిగతా 295 కోట్ల సంగతేంటి? వాటిమీద వడ్డీ 9.38, 10.23! 2026 బడ్జెట్‌లో 1000 కోట్లు దాటిన ఒకే ఇష్యూకి 100 కోట్లు ఇస్తామన్నారు. మంచిదే, కానీ అదీ పథకమే. పథకం అంటే ఇచ్చేవాడి ఇష్టం. 2009-10లో అమెరికా 'బిల్డ్ అమెరికా బాండ్లు' అని పెట్టి వడ్డీలో 35 శాతం మేమే ఇస్తామంది. ఊళ్ళు నమ్మి అప్పులు చేశాయి. 2013లో ఖర్చుల కోత రాగానే అందులోనూ కోత పెట్టారు. అక్కడి మేయర్లు మినహాయింపుని గట్టిగా పట్టుకుని కూర్చోడానికి ఇదొక కారణం.

కేంద్రానికి పోయేదెంత? పై మూడు బాండ్ల వడ్డీ కలిపితే ఏడాదికి 46 కోట్ల చిల్లర. కొన్న ప్రతివాడూ 31.2 శాతం కట్టాడనుకున్నా 14 కోట్ల పైన కొద్దిగా. ఢిల్లీ లెక్కల్లో అది కనపడను కూడా కనపడదు. మన వార్డుల్లో మాత్రం కనపడుతుంది.

నాకు మండేది ఇక్కడ కాదు, సికింద్రాబాద్ మ్యాపు చూసినప్పుడు. రైల్ నిలయం, స్టేషను, లాలాగూడ వర్క్‌షాపు, క్వార్టర్లు, గ్రౌండ్లు.. పెద్ద ముక్క రైల్వేది. అంతకన్నా పెద్ద ముక్క ఆర్మీది. రాజ్యాంగం 285వ అధికరణం ప్రకారం కేంద్రం ఆస్తుల మీద రాష్ట్రం గానీ, రాష్ట్రంలోని ఏ సంస్థ గానీ పన్ను వెయ్యకూడదు (రాజ్యాంగానికి ముందు నుంచీ ఉన్న పన్నులకి చిన్న వెసులుబాటు తప్ప). రోడ్డు వాడతారు, డ్రైనేజీ వాడతారు, ఆస్తిపన్ను ఉండదు. రాజ్‌కోట్ కార్పొరేషన్ కేసులో 2009లో సుప్రీం కోర్టు ముందు ఒక ఒప్పందం కుదిరింది. వాడుకునే సేవలని బట్టి ఆస్తిపన్నులో 75, 50 లేదా 33.33 శాతం 'సర్వీస్ చార్జీలు'గా కేంద్రం ఇవ్వాలి. ఆ చార్జీల బకాయిల కోసం కంటోన్మెంట్ బోర్డు ఏళ్ళ తరబడి రక్షణ శాఖ చుట్టూ తిరిగిన సంగతి ఇక్కడివాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. ప్యారడైజ్ నుంచి డెయిరీ ఫాం దాకా ఎలివేటెడ్ కారిడార్‌కి రక్షణ శాఖ భూములిస్తామని చెప్పేసరికి 2024 వచ్చింది.

అంటే కేంద్రం ఆస్తి మీద ఊరు పన్ను వెయ్యకూడదు, ఊరి అప్పు మీద మాత్రం కేంద్రం పన్ను వేస్తుంది. ఇదెక్కడి న్యాయం?

289వ అధికరణం రాష్ట్రాల ఆదాయానికి రక్షణ ఇచ్చింది కదా అనొచ్చు. ఇచ్చింది, రాష్ట్రాలకి. కార్పొరేషన్ వేరే, రాష్ట్రం వేరే అని 1964లోనే సుప్రీం కోర్టు చెప్పింది. అదీ మన ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ కేసులోనే. ఊరి సొంత ఆదాయానికి ఆదాయపు పన్ను చట్టంలో మినహాయింపు ఉంది, కానీ ఊరు కట్టే వడ్డీకి లేదు.

ఇంకో తమాషా. మనలో చాలామంది 2011-12 నుంచి 2015-16 మధ్య ఎగబడి కొన్న టాక్స్ ఫ్రీ బాండ్లు గుర్తున్నాయా? ఎన్‌హెచ్ఏఐ, ఐఆర్ఎఫ్‌సీ, ఆర్ఈసీ, హడ్కో.. అన్నీ కేంద్రం సంస్థలే. కేంద్రం వేసే హైవేకి పన్ను లేని అప్పు, మన గల్లీ పక్క నాలాకి పన్నున్న అప్పు! చేసే పని ఒకటే కదండీ.

ఎదురు వాదనలు లేకపోలేదు. ముఖ్యమైనవి రెండు.

ఒకటి, ఈ మినహాయింపు వల్ల బాగుపడేది పై శ్లాబులో ఉన్న మనలాంటివాళ్ళే. ఇది గట్టి వాదనే. అందుకే మినహాయింపుకి ఒక పరిమితి పెట్టి, చిన్న మొత్తాల్లో అందరికీ అమ్మాలి. 2023 ఫిబ్రవరిలో ఇండోర్ కార్పొరేషన్ 244 కోట్ల బాండ్లు పబ్లిక్ ఇష్యూగా మామూలు జనాలకి అమ్మింది. నర్మదా నీళ్ళు తోడే కరెంటు కోసం సోలార్ ప్లాంటు పెట్టడానికి. జీహెచ్ఎంసీవి పెద్ద సంస్థలు బిడ్లు వేసుకుని పట్టుకెళ్ళాయి. మన ఊరి బాండు మనకే అందలేదు.

రెండు, చవగ్గా అప్పు దొరికితే మునిసిపాలిటీలు తగలేస్తాయి. అయ్యుండొచ్చు. అయితే షరతు పెట్టండి. లెక్కలు ఏటా ఆడిట్ చేసి బయటపెట్టని ఊరికి మినహాయింపు లేదనండి. అలా అంటే లెక్కలు రాయడమైనా అలవాటవుతుంది.

అమెరికాలో మేయర్లు ఉన్నదాన్ని కాపాడుకోడానికి కొట్లాడారు. మన మేయర్లు లేనిదాన్ని అడగను కూడా అడగలేదు. మన కార్పొరేషన్లలో అసలు అధికారం రాష్ట్రం వేసిన కమిషనర్ చేతిలో ఉంటుంది. బాండు ఎప్పుడు, ఎంతకి వెయ్యాలో తేల్చేది వాళ్ళే. మేయర్‌కి రిబ్బన్లు మిగులుతాయి. అధికారం లేనివాడు ఢిల్లీ వెళ్ళి ఏం అడుగుతాడు?

నేననేది చాలా చిన్న మాట. ఆస్తులున్నంత మేర ఆస్తిపన్ను పూర్తిగా కట్టండి, లేదా మా బాండ్ల వడ్డీ వదిలేయండి. రెంటిలో ఏదో ఒకటి. జీహెచ్ఎంసీ మొదటి బాండ్లకి 2028లో గడువు తీరుతుంది. ఆ అప్పు తీర్చడానికైనా, కొత్తది చెయ్యడానికైనా మళ్ళీ మార్కెట్‌కి వెళ్ళాల్సి రావచ్చు. ఈ మాట అడగాల్సింది ఆలోపే. ఎన్నికలప్పుడు ఓటు కోసం గుమ్మంలోకొచ్చే కార్పొరేటర్‌ని రోడ్డు గుంటల గురించి ఎలాగూ అడుగుతాం. ఈసారి ఆ గుంట పూడ్చే అప్పు మీద వడ్డీ ఎంతో, అందులో ఢిల్లీ వాటా ఎంతో కూడా అడుగుదాం.