పనిముట్టు పోతే పూట గడవదు

మెడలో గొలుసు తెంపుకుపోతే పేపర్లో వార్త వస్తుంది. కడుతున్న ఇంటి దగ్గర రాత్రికి రాత్రి డ్రిల్లింగ్ మిషన్, గ్రైండరు, మార్బుల్ కటింగ్ మిషన్ మాయమైతే అది వార్త కాదు. "కాస్త జాగ్రత్తగా ఉండాల్సింది" అని ఓ మాట అనేసి ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోతారు. సామాను పోయినవాడికి మాత్రం వెళ్లడానికి పని లేదు.

గ్రైండరు ఖరీదు రెండు మూడు వేలే కావచ్చు. అది లేకపోతే టైల్స్ మేస్త్రీకి ఆ రోజు కూలి లేదు, వెంట వచ్చే ఇద్దరు హెల్పర్లకూ లేదు. ఒప్పుకున్న పని ఆగితే మేస్త్రీ మాట పోతుంది, తర్వాతి పని ఇంకొకరి చేతికి వెళుతుంది. కొత్త మిషన్ కోసం నూటికి అయిదు వడ్డీకి అప్పు తెస్తే, దొంగ ఎత్తుకుపోయిన వస్తువుకు నెలల తరబడి వడ్డీ కడుతూనే ఉండాలి. కాబట్టి ఈ నష్టాన్ని ఇనుము ధరతో కాదు, ఆగిపోయిన కూలితో లెక్కగట్టాలి. అలా లెక్కగడితే దీన్ని చిల్లర దొంగతనం అని ఎవరూ అనరు.

ఈ లెక్క కొత్తదేమీ కాదు. అప్పిచ్చినవాడు తిరగలిని గానీ దాని పైరాతిని గానీ తాకట్టు పెట్టుకోకూడదని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం ఆజ్ఞాపించింది. పిండి విసురుకునే రాయిని తీసుకోవడం ఆ ఇంటి ప్రాణాన్ని తీసుకోవడమేనని అక్కడి భావం. మన దేశపు చట్టానికీ ఈ సంగతి తెలుసు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం, అప్పు కేసులో డిక్రీ వచ్చినా చేతిపనివాడి పనిముట్లను జప్తు చేయడానికి వీల్లేదు. కోర్టు సైతం ముట్టుకోకూడని వస్తువును దొంగ ఒక్క రాత్రిలో ఎత్తుకుపోతుంటే సమాజం పట్టించుకోకపోవడం న్యాయం కాదు.

సొంత రాష్ట్రం దాటి బతుకుతున్న తెలుగువాళ్లకు ఈ బాధ మరింత దగ్గరిది. ముంబయిలోని కామాఠిపురకు ఆ పేరు తెలంగాణ నుంచి వెళ్లి భవనాలు కట్టిన కామాఠీ కూలీల వల్ల వచ్చింది. బెంగళూరు, హోసూరు, బళ్లారి, బరంపురం, షోలాపూర్ ఎక్కడ చూసినా చేతిపని మీద నిలబడ్డ తెలుగు కుటుంబాలున్నాయి. యానాంలో గోదావరి మీద వేటకు వెళ్లేవాడికి వల, బోటు ఇంజనే ఆస్తి. సామాను పోయి స్టేషనుకు వెళ్తే అక్కడి భాషలో ఫిర్యాదు రాయడం రాదు. అద్దె ఇంటి అడ్రసు మారిపోయి ఉంటుంది. మిషన్ కొన్న బిల్లు ఉండదు. చాలాసార్లు ఆ మిషన్ తోటి మేస్త్రీ దగ్గర అడిగి తెచ్చుకున్నది. రాజుల రెండవ గ్రంథం 6వ అధ్యాయంలో ఒకతని గొడ్డలి ఊడి యొర్దానులో పడినప్పుడు, అది ఎరవు తెచ్చిన గొడ్డలి అన్నదే అతని దుఃఖం. ఎలీషా అతన్ని మందలించలేదు. ఎక్కడ పడిందని అడిగాడు. మనం కూడా మొదట అడగాల్సిన ప్రశ్న అదే.

దొంగలకు భయం పుట్టాలంటే దొరికినవాణ్ణి స్తంభానికి కట్టి కొట్టాలనే మాట మన యువకుల నోటా వినిపిస్తుంది. ఆ దారి మనది కాదు. 2018లో కేరళలోని అట్టపాడిలో తిండి దొంగిలించాడంటూ ఒక ఆదివాసీ యువకుణ్ణి గుంపు కొట్టి చంపింది. 2023లో కోర్టు 14 మందిని దోషులుగా తేల్చింది. కోపంలో చెయ్యెత్తినవాళ్లు జైలుకు వెళ్లారు, పోయిన ప్రాణం మాత్రం తిరిగి రాలేదు. పైగా అనుమానం ఎప్పుడూ అందరి మీదా సమానంగా పడదు. ఊరికి కొత్తవాళ్ల మీద, పాత ఇనుము ఏరుకునేవాళ్ల మీద, ఫలానా కులంవాళ్ల మీద మొదట పడుతుంది. 1871లో మొదలై తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా విస్తరించిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం ఎరుకల కుటుంబాలను పుట్టుకతోనే నేరస్తులుగా ముద్ర వేసింది. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం సెటిల్‌మెంటును నడిపింది సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థే. చట్టం 1952లో రద్దయింది. ఆ ఊరి పేరు వినగానే కలిగే అనుమానం ఇంకా రద్దు కాలేదు. తెలుగు క్రైస్తవులుగా ఇది మనం మరచిపోకూడని చరిత్ర.

మరి దొంగను ఆపేదేమిటి? అతను గ్రైండరు ఎత్తుకుపోయేది వాడుకోవడానికి కాదు, అమ్ముకోవడానికి. అమ్ముడుపోని వస్తువు జోలికి ఎవరూ రారు. కాబట్టి మొదటి పని, ప్రతి మిషన్ మీద యజమాని పేరు, ఫోను నంబరు చెరిగిపోకుండా చెక్కించడం. పెయింటుతో రాస్తే గీకేయవచ్చు, చెక్కితే కష్టం. స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టేవాళ్లు ప్రతి బజారులోనూ ఉన్నారు. రెండోది, కంపెనీ మిషన్ల మీద ఉండే సీరియల్ నంబరును, బిల్లును ఫోటో తీసి ఇంట్లో ఇంకొకరి ఫోనుకు కూడా పంపి ఉంచడం. మూడోది, రాత్రి సామాను బండి డిక్కీలోనో ఆటోలోనో వదలకపోవడం.

ఇవి పనివాడు చేయగలిగినవి. అయితే భారమంతా అతని మీదే వేయడం తప్పు. లక్షల రూపాయల ఇల్లు కట్టించుకునే యజమాని, కట్టించే కాంట్రాక్టరు, తాళం వేసిన ఇనుప పెట్టెనో గదినో ఇవ్వాలి. సిమెంటు బస్తాలకు కాపలా పెడుతున్నప్పుడు మేస్త్రీ సామానుకు ఎందుకు పెట్టకూడదు? పని ఒప్పుకునేటప్పుడే ఈ మాట తేల్చుకోవాలి. ఒక్కడు అడిగితే "నువ్వు కాకపోతే ఇంకొకడు" అంటారు, పదిమంది కలిసి అడిగితే ఇస్తారు.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టాల ప్రకారం, పోయిన సొత్తు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, అది ఆ వ్యక్తి మొదటి దొంగతనమైతే, మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేని నేరాల కిందికి వస్తుంది. అందుకని పోయిన ప్రతి వస్తువునూ, చిన్న పానాతో సహా, అసలు ధరతో రాసి మొత్తం చూపించాలి. ఎక్కువ చేసి రాయకూడదు, మరచిపోయి తక్కువా రాయకూడదు. ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ బడిలో చదువుకున్న యువతీ యువకులారా, మీ సంఘంలోని మేస్త్రీ గారి వెంట స్టేషనుకు వెళ్లి ఆ కాగితం రాసిపెట్టడం కూడా పరిచర్యే.

ఇక మనల్ని నిలదీసే విషయం ఒకటుంది. దొంగసొత్తుకు గిరాకీ ఎక్కడిది? సగం ధరకే డ్రిల్లింగ్ మిషన్ వస్తుందంటే బిల్లు అడగకుండా కొనేవాళ్లలో మనమూ ఉన్నాం. పాత సామాను కొట్టులోనైనా ఆన్‌లైన్‌లోనైనా, దొంగసొత్తని తెలిసి కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు శిక్ష ఉంది. శిక్ష సంగతి అటుంచండి. ఆ చౌక ధరలో మనం మిగుల్చుకున్నది ఇంకొకరి పిల్లల అన్నం. బిల్లు లేనిది, పేరు గీకేసినది కొనబోమని మన ఇళ్లలో నిర్ణయించుకుంటే దొంగ బజారు ఆ మేరకు చిన్నదవుతుంది.

సంఘాలు చేయగలిగిన పని ఇంకా ఉంది. పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తుల వారికి పనిముట్ల కోసం 15,000 రూపాయల వరకు ఇస్తారు. తాపీ, వడ్రంగం, కుట్టుపని అందులో ఉన్నాయి, ప్లంబరు, ఎలక్ట్రీషియన్ లేరు. ఆ సాయం అందేది ఒకసారే, అవి దొంగతనానికి పోతే మళ్లీ రావు. అందుకే ప్రతి సంఘంలో రెండు డ్రిల్లింగ్ మిషన్లు, రెండు గ్రైండర్లు, ఒక కుట్టుమిషన్ ఉమ్మడిగా ఉంచితే, సామాను పోయినవాడు మరుసటి రోజే పనికి వెళ్లగలడు. వడ్డీ లేని చిన్న నిధి తోడైతే అప్పులవాడి గడప తొక్కక్కర్లేదు.

దొంగిలించేవాడు మానేసి తన చేతులతో కష్టపడాలని, అక్కరలో ఉన్నవారికి పంచిపెట్టగలగాలని ఎఫెసీయులకు రాసిన పత్రిక కోరుతుంది. పని నేర్పే చేతులు మన మేస్త్రీలవే. దొరికిన కుర్రవాడు శిక్ష ముగించుకుని వచ్చాక తాపీ పట్టించడానికి ఒక్కరైనా ముందుకు రావాలి.

ఈ నెలలో ఏదో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, సంఘంలోని పనివాళ్లందరినీ తమ పనిముట్లు తెచ్చుకోమని చెప్పండి. పేర్లు కొట్టేవాణ్ణి పిలిపించండి. అతని ఖర్చు ఆనాటి కానుకలోంచి ఇవ్వండి.