ఆసుపత్రులయందు నర్సుల కొరత

వైద్యుడు రోగిని చూచి, మందు వ్రాసి, వేరొక రోగి కడకు పోవును. ఆ మందును వేళకు ఇచ్చుట, జ్వరమును నాడిని చూచి వ్రాసి యుంచుట, పుండు కడిగి కట్టు కట్టుట, రాత్రివేళ రోగము ముదిరినచో ముందుగా కనిపెట్టి వైద్యుని పిలిపించుట నర్సు పని. నర్సు లేని ఆసుపత్రి మంచములు వేసిన సత్రముతో సమానము.

ఈ కొరత నేటిది కాదు. 1943లో నియమింపబడిన భోర్ సంఘము 1946లో సమర్పించిన నివేదికయందు, నాడు మన దేశమున 43,000 మంది ప్రజలకు ఒక నర్సు ఉన్నట్లు తెలిపెను. అప్పటికి ఇప్పటికి చాల దూరము వచ్చితిమి. నేడు రిజిస్టరైన నర్సులు, సహాయక నర్సులు కలిసి 33 లక్షలకు పైబడి యున్నారు. 2023లో కేంద్ర మంత్రివర్గము 157 క్రొత్త నర్సింగు కళాశాలలకు ఆమోదము తెలిపినది.

అయినను పట్టికలో పేరుండుట వేరు, వార్డులో మనిషి యుండుట వేరు. పేరున్నవారిలో కొందరు విదేశములకు పోయిరి. కొందరు వృత్తి మానిరి. మరికొందరు ప్రభుత్వ నియామకమునకై ఎదురుచూచుచు కొద్ది జీతమునకు ప్రైవేటు ఆసుపత్రులలో పనిచేయుచున్నారు.

బోధనాసుపత్రి సాధారణ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండవలెనని భారత నర్సింగు మండలి ప్రమాణము విధించినది. దినమునకు మూడు డ్యూటీలు గనుక ఒక్కొక్క వేళ 9 మందికి ఒకరు వత్తురు. 36 మంచముల వార్డులో వేళకు నలుగురుండవలెను. పదవులలో సగము ఖాళీ యైనచో ఇద్దరు. వారిలో ఒకరు సెలవు పెట్టినచో ఒక్కరే.

అనువాదకుడనగుటచే ప్రభుత్వ పత్రములలో 'ఖాళీ' యను మాటను ఎన్నియో మారులు వ్రాసితిని. దాని అర్థమును ఒక రాత్రి మా తల్లిగారి మంచము ప్రక్కన కూర్చుండి తెలిసికొంటిని. ఆ వార్డున నర్సు ఒక్కరే. ఆమె ఊపిరాడని రోగికి ఆక్సిజన్ పెట్టుచుండగా, వేరొకచోట సెలైను సీసా అయిపోయెను. ఆ రోగి బంధువు ఆమెను నోటికి వచ్చినట్లు తిట్టెను. ఆమె బదులు పలుకక సీసా మార్చి మరల ఆక్సిజన్ కడకు పరుగెత్తినది. రానివారి కొరతకు వచ్చినామె మాట పడినది.

ఎవరు ఏనాడు పదవీ విరమణ చేయుదురో ప్రభుత్వమునకు ముందే తెలియును. కావున ఖాళీ ఏర్పడక మునుపే ఎంపిక ముగియవలెను. నిత్యము ఉండు పనికి ఏడాది ఒప్పందములు తగవు. ఆసుపత్రి చేరువన నివాసము, రాత్రివేళ రక్షణ, కాలమునకు తగిన పదోన్నతి కల్పించినగాని చేరినవారు నిలువరు. లెక్కలు, సామానుల జాబితాలు వ్రాయు పని గుమాస్తాలకు అప్పగించినచో, ఆ గడియలు రోగికి దక్కును.

ప్రజలు చేయవలసినదియు ఒకటి కలదు. ఈసారి ఆసుపత్రిలో పిలిచిన వెంటనే నర్సు రానిచో ఆమెపై కోపింపకుడు. ఈ వార్డునకు మంజూరైన పదవులెన్ని, పనిచేయువారెందరు అని అధికారులను, మీ ప్రజాప్రతినిధులను అడుగుడు. ఆ ప్రశ్న అడుగు హక్కు మీకు కలదు. దానికి సమాధానము చెప్పు బాధ్యత వారికి కలదు.