ఆకాశరామన్న చేతి కాగడా

2022 మే 24వ తేదీన అమలాపురములో రాష్ట్రమంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లును, ముమ్మిడివరము శాసనసభ్యుడు పొన్నాడ సతీశ్ కుమార్ ఇల్లును, దారిలోని బస్సులును తగులబడినవి. రాళ్లదెబ్బలకు పోలీసులు పలువురు గాయపడిరి. కొబ్బరితోటల కోనసీమ ఆ రాత్రి తలుపులు బిగించుకొని మేలుకొనియే యుండెను. జిల్లాకు డాక్టరు అంబేడ్కరు పేరు చేర్చదలచి మే 18న ప్రభుత్వము వెలువరించిన ప్రకటనలో, అభ్యంతరములను వ్రాసి యిచ్చుటకు 30 దినముల గడువుండెను. ఆ గడువులో వారమైనను గడవకముందే నిప్పు రగిలినది. వాట్సాప్ గ్రూపులలో నడచిన సందేశములను పట్టియే నిందితులలో పలువురిని గుర్తించితిమని పిదప పోలీసులు ప్రకటించిరి. రాజ్యాంగ రచనకు సారథ్యము వహించిన మహనీయుని పేరు ఒక జిల్లాకు అలంకారమే గాని న్యూనత కాదని మా నిశ్చితాభిప్రాయము. అట్లు తలపనివారికి తమ మాట చెప్పుకొను హక్కు లేదని మేము అనము. కాని ఆ మాట క్రింద చెప్పినవాని పేరుండవలెను.

ఆకాశరామన్న మనకు క్రొత్తవాడు కాడు. సంతకము లేని ఉత్తరమును తలుపుసందున త్రోసి, కుదిరిన పెండ్లిసంబంధమునో, ఒకరి ఉద్యోగమునో చెడగొట్టి తప్పుకొను ఆ చీకటిమనిషిని గోదావరి తీరమున ఎరుగని ఊరు లేదు. నాడు అతని ఉత్తరము ఒక్క ఇంటికే చేరెడిది. చదివిన పెద్దలు దానిని చించి పారవేసినచో అంతటితో ఆ కథ ముగిసెడిది. నేటి ఆకాశరామన్నకు తపాలాబిళ్ల ఖర్చు లేదు. చేతివ్రాత పట్టుబడునను భయము లేదు. అతడు పుట్టించిన మాట మేనమామ పంపగా మేనకోడలికిని, మాస్టారు పంపగా పూర్వ విద్యార్థికిని చేరుచు, ప్రతి మజిలీలోను పంపినవారి పరువును అరువు తెచ్చుకొనుచున్నది. పరాయివాడు చెప్పిన అబద్ధమును శంకించువాడు సైతము బావగారు పంపినదానిని శంకింపడు. ఈ ప్రచారపు బలమంతయు ఇచ్చటనే యున్నది.

ప్రజాభిప్రాయమును కదలించుటయే దోషమన్నచో రాజమహేంద్రవరము తన చరిత్రనే కాదనుకొనవలసి వచ్చును. 1874లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు 'వివేకవర్ధని' పత్రికను స్థాపించి అధికారుల లంచగొండితనమును, సంఘములోని దురాచారములను ఖండించినప్పుడు, ఆ ఖండనకు ఉత్తరవాదియెవడో ఊరందరికిని తెలియును. 1881 డిసెంబరు 11న తొలి వితంతువివాహము జరిపించినప్పుడు వెలివేయదలచినవారికి ఆయన ఇంటి దారియు తెలియును. 1907 ఏప్రిలులో బిపిన్ చంద్రపాలుగారు ఈ నగరమునకు వచ్చి ఉపన్యసింపగా, చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు ప్రక్కన నిలిచి ఆ ఉపన్యాసములను తెనుగు చేసి వినిపించిరి. ఆ వేడిలో ఇచ్చటి ట్రెయినింగు కళాశాలనుండి బహిష్కృతులైన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, మరుసటి యేడు 'స్వరాజ్య' పత్రికలోని వ్రాతకై చెరసాలకు పోయిరి. వీరందరును జనుల ఆవేశమును మేల్కొల్పినవారే. కాని ఒక్కరును తమ మాటను అనాథను చేసి తాము తప్పుకొనలేదు.

అచ్చుకాగితముపై ముద్రాపకుని పేరు, ఊరు ఉండితీరవలెనని 1867 నాటి శాసనమే విధించినది. అది పరాయి ప్రభువులు తమ భద్రతకై చేసుకొన్నదే యైనను, స్వతంత్ర భారతము 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టములోని 127ఎ నిబంధన ద్వారా ఎన్నికల కరపత్రములకును ఆ బాధ్యతను అంటగట్టినది. జెమినీ టీవీ వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 13న దూరదర్శన రాజకీయ ప్రకటనలను ముందుగా పరిశీలింపవలెనని ఆదేశింపగా, 2013లో ఎన్నికల సంఘము సామాజిక మాధ్యమములను కూడ ఆ పరిధిలోనికి తెచ్చినది. అయినను, ప్రకటనయని చెప్పుకొనని ప్రకటన ఈ వలకు చిక్కుట లేదు. సినిమా ముచ్చట్ల పేజీగానో, కులాభిమానుల గ్రూపుగానో, ఊరి వార్తల ఛానలుగానో కనిపించుచు, వెనుక కూలి పుచ్చుకొని పనిచేయు ప్రచారమునకు ఆ కూలి యిచ్చినవారి పేరేది? అమలాపురము తగులబడిన నాడు ఎన్నికలును లేవు. ఎన్నికల నియమావళియు లేదు.

కావున మా కోరిక స్పష్టము. ప్రతి రాజకీయపక్షమును తాను నడపు పేజీలను, ఛానళ్లను, కిరాయికి పెట్టుకొన్న సంస్థలను ఎన్నికల కాలమందే గాక ఏడాది పొడుగునను బహిరంగముగా ప్రకటింపవలెను. డబ్బు తీసికొని వ్యాపింపజేసిన ప్రతి మాట పైనను ఇచ్చినవాని పేరు కనబడవలెను. ఇందు అధికారపక్షమునకును ప్రతిపక్షమునకును మినహాయింపు తగదు. ఇది సాకుగా కుటుంబముల గ్రూపులలోనికి పోలీసులు తొంగిచూచుటకు మాత్రము మేము సమ్మతింపము. అక్రమమును బయటపెట్టు చిన్న ఉద్యోగికి అజ్ఞాతత్వము కవచము. సొమ్మును, అధికారమును గలవానికి అదియే ఆయుధమగుచున్నది. శాసనము ఈ తారతమ్యమును ఎరిగి వర్తింపవలెను.

నాటి ప్రభుత్వము పట్టిన దారి వేరు. కొన్ని దినములపాటు కోనసీమలో ఇంటర్నెట్టునే నిలిపివేసినది. ఇంటినుండి కొలువు చేసికొను యువకులు సిగ్నలుకై పొలిమేర దాటి పోవలసివచ్చెను. నిప్పు పెట్టనివారందరును శిక్ష ననుభవించిరి. ఇట్టి నిలిపివేతలకు మితముండవలెననియు, ఉత్తర్వులను ప్రకటింపవలెననియు సుప్రీంకోర్టు 2020 జనవరి 10న అనురాధా భసీన్ వ్యాజ్యములో చెప్పియేయున్నది. నిజము చెప్పువాని నోటిని గూడ మూసినచో పుకారునకు పోటీ యెక్కడిది?

అమలాపురపు మంటలకు రెండు నెలలు తిరుగకముందే, ఆ యేటి జూలైలో గోదావరి పొంగి, ధవళేశ్వరమువద్ద ప్రవాహము 25 లక్షల క్యూసెక్కులు దాటెను. గట్టు తెగినదను మాట లంకగ్రామములలో వరద కంటె వేగముగ పరుగెత్తును. దానికి విరుగుడును మనవారికి తెలియును: నీటిమట్టము 11.75 అడుగులైన మొదటి హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. అంకె, వేళ, చెప్పిన కార్యాలయము మూడును స్పష్టముగ నుండుటచేత లంకవాసి దానిని నమ్మి పశువులను తోలుకొని గట్టెక్కును. నదిని గూర్చి గంటగంటకు పలుకగల యంత్రాంగము, మనుష్యుల నడుమ మంట రాజునప్పుడు ఏల మూగపోవలెను?

పుకారు ప్రాణము తీయుట క్రొత్త కాదు. 2018 జూలైలో బీదరు జిల్లా ముర్కి గ్రామమున హైదరాబాదు యువకుడొకడు, పిల్లలకు చాక్లెట్లు పంచుటయే నేరముగా, పిల్లల నెత్తుకుపోవువాడను పేరున కొట్టి చంపబడెను. వాట్సాప్ సందేశము అతడు పోవు కారుకంటె ముందే పోయి దారి కాచినది. ఒకే సందేశమును ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపవీలులేదను హద్దును ఆ సంస్థ మన దేశమున ప్రకటించినది అటు పిమ్మట వారమునకే. ఆపాటి హద్దుకు ఒక ప్రాణము పోవలసినదా? ఆ యేడే గద్వాల జిల్లాలో పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరిగారు జానపద కళాకారులచేత డప్పు కొట్టించి, పాట పాడించి, ఇది కల్ల యని ఊరూరను చెప్పించిరి. గోదావరి జిల్లాలలోని ప్రతి పంచాయతీకిని టముకు వేయించిన అలవాటు కలదు. పుకారు పుట్టిన గంటలోపుననే ఆ ఊరి అధికారి తన పేరు చెప్పి, ఫోనులోను రచ్చబండ వద్దను నిజము వినిపించు ఏర్పాటును జిల్లా కలెక్టర్లు ఈ వరదకాలమునకు ముందే చేయవలెను.