తుమ్ములకు మందు అడుగుటకు ముందు

గత వేసవిలో ఒక ఉపాధ్యాయుడు నా వద్దకు వచ్చినారు. నెల్లూరులో నివాసము, ముత్తుకూరు వైపు ఉద్యోగము. ప్రతిదినము తన కారులోనే పోయివచ్చుదురు. ఉదయము బడికి చేరుసరికి ఇరువది ముప్పది తుమ్ములు, ముక్కు వెంట నీరు, కండ్ల దురద. సాయంత్రము ఇల్లు చేరుసరికి మరల అదే వరుస. ప్రతిశ్యాయమని నిర్ణయించి హరిద్రాఖండము, సితోపలాది చూర్ణము ఇచ్చినాను. వావిలాకు ఆవిరి పట్టుమన్నాను. ముక్కులో అణుతైలము వేయించినాను. తగ్గినట్లే తగ్గి మరల వచ్చుచుండెను. ఇట్లు మూడు మాసములు గడచినవి. ఆదివారము మాత్రము హాయిగా ఉండునని ఆయన మొదటినాడే చెప్పినారు. విశ్రాంతి వలన కాబోలునని నేనే తేల్చివేసినాను.

ఒకనాడు మైపాడు వద్ద మంచము దిగలేని వృద్ధురాలిని చూడవలసి వచ్చి ఆయన కారులోనే బయలుదేరినాము. ఏసీ వేసిన కొద్దిసేపటికే తడిసిన గోనెసంచి వాసన. ఊరు దాటకముందే నాకును తుమ్ములు మొదలైనవి! ఆ వాసన తెలియకుండుటకై ఆయన ఎదుట ఒక సుగంధపు సీసా కూడ అమర్చుకొని యున్నారు. వృద్ధురాలి మనుమడు మోటారు పని తెలిసిన కుర్రవాడు. సరుగుడు చెట్ల నీడలో బండి నిలిపి, ఎడమ సీటు ఎదుటనున్న గ్లవ్ బాక్సును క్రిందికి దింపి, దాని వెనుకనుండి ఒక పలకను బయటికి లాగినాడు. అదియే క్యాబిన్ ఫిల్టరు. తెల్లగా ఉండవలసినది నల్లగా ఉన్నది. మడతల నడుమ వడ్ల పొట్టు, సరుగుడు ఆకులు, బూడిదవంటి మెత్తని ధూళి, ఒక మూల బూజు. బండి కొని నాలుగేండ్లైనదట, ఒక్కసారియు మార్పించలేదట.

మన తీరములో ఇది వింత కాదు. 2008లో కృష్ణపట్టణము రేవు ప్రారంభమైన తరువాత, నేలటూరులో థర్మల్ విద్యుత్కేంద్రము వెలసిన తరువాత ఆ దారులలో లారీల రద్దీ ఎంతగా పెరిగినదో అందరికిని తెలియును. కోతల కాలమున యంత్రముల నుండి లేచు పొట్టు మరొక వంక. వీటికి సముద్రపు చెమ్మ తోడగును. ఎండిన ధూళి కేవలము ధూళి. చెమ్మ తగిలిన ధూళి బూజునకు పొలము. ఏసీ వేసినప్పుడు కారులోని గాలి అంతయు ఆ పొలము మీదుగానే వచ్చును.

చరకుడు శ్వాస రోగమునకు హేతువులు చెప్పుచు ధూళిని, పొగను పేర్కొన్నాడు. హేతువును విడుచుటయే సంక్షేపముగా చికిత్స యని సుశ్రుతుని మతము. మా గురువుగారు దగ్గు రోగి వచ్చినచో నాడి పట్టుటకు ముందు అతని వంటింటి పొయ్యిని చూచి రమ్మని శిష్యులను పంపెడివారు. ఈనాటి మధ్యతరగతి రోగి దినమునకు రెండు గంటలు కూర్చుండు గది కారు. ఆ గదిని చూడక నేను మూడు మాసములు చూర్ణములు కట్టి ఇచ్చినాను. ఆ తప్పు రోగిది కాదు.

ఈ పనికి మెకానిక్కు అక్కరలేదు. మీ బండి పేరు, సంవత్సరము చెప్పిన విడిభాగముల దుకాణమున ఫిల్టరు కొన్ని వందల రూపాయలకు దొరకును. బండిని ఆపి, గ్లవ్ బాక్సులోని సామాను తీసివేసి, రెండు ప్రక్కలను లోపలికి నొక్కిన చాలా బండ్లలో అది క్రిందికి జారును. వెనుకనున్న సన్నని మూతను ఊడదీసి పాత ఫిల్టరును మెల్లగా, వంచక లాగవలెను. లేనిచో చెత్త అంతయు ఫ్యానులో పడును. క్రొత్తదానిపై గాలి దిశను తెలుపు బాణపు గుర్తుండును. పాతదాని బాణము ఎటున్నదో మొదటనే చూచి అట్లే అమర్చవలెను. కొన్ని బండ్లలో చోటు వేరుగా ఉండును, కొన్ని చౌకరకములలో ఫిల్టరే ఉండదు. బండితో ఇచ్చిన పుస్తకము చూడుడు. ఉబ్బసము ఉన్నవారు తామే తీయరాదు. తీయువారు ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను.

కడిగి ఎండబెట్టి మరల వాడుట మన పొదుపు గుణము. కాగితపు వంటి ఈ ఫిల్టరు విషయమున అది పనికిరాదు. తడిసినచో సన్నని ధూళిని పట్టు శక్తి సన్నగిల్లును, ఆరని మడతలో బూజు మరల పుట్టును. వాసనలను కూడ పీల్చు బొగ్గుపూత ఫిల్టర్లు కొంచెము ఖరీదు. ఆ బొగ్గును టెంకాయ చిప్పల నుండియు చేయుదురు. ధూళిలో అపాయకరమైనది కంటికి కనబడదు. 2.5 మైక్రానుల రేణువు వెండ్రుక మందములో ముప్పదవ వంతు. గాలిలో దాని వార్షిక సగటు ఘనపు మీటరునకు 5 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది. మన దేశపు ప్రమాణము 40. ఏ ఫిల్టరును అన్ని రేణువులను ఆపదు, విషవాయువులను పూర్తిగా ఆపజాలదు. బయటి గాలి వద్దని లోపలి గాలినే గంటలకొద్దీ త్రిప్పినచో మగత వచ్చును.

ఆయుర్వేదము పేర కారులో కర్పూరము వెలిగించుడని, సాంబ్రాణి వేయుడని చెప్పువారు ఉన్నారు. మూసిన పెట్టెలో పొగ వేయుట ఏ శాస్త్రమో నాకు తెలియదు.

ఆ ఉపాధ్యాయునికి క్రొత్త ఫిల్టరు వేసిన తరువాత తుమ్ములు చాలవరకు తగ్గినవి, పూర్తిగా పోలేదు. మిగిలినదానికి అవే మందులు నెలలోపే పనిచేసినవి. పీల్పు మందు వాడు ఉబ్బస రోగులు మాత్రము ఫిల్టరు మార్చినామని దానిని స్వంతముగా మానరాదు.

సాధారణముగా ఏడాదికి ఒకసారి మార్చిన చాలును. మన జిల్లాలో రెండుమార్లు మంచిదని నా అభిప్రాయము: కోతలు ముగిసిన చైత్ర వైశాఖములలో ఒకటి, తుపాను వానలు వెలసిన పుష్యమున ఒకటి. మా ఇంటి కారును కూడ ఆ వారముననే తెరిచి చూచినాను. అందులో కనబడినదానిని వ్రాయుటకు సిగ్గుగా ఉన్నది.