అమలుకాని 9వ నిబంధన

కాలేజీలో ఒక అమ్మాయిపై అఘాయిత్యం జరిగిందని బయటపడగానే ప్రభుత్వాలూ యాజమాన్యాలూ చేసే పనులు మూడే. సీసీ కెమెరాలు పెంచుతారు, హాస్టల్ గేటు గంట ముందే మూసేస్తారు, కొత్త యాప్ ప్రకటిస్తారు. తెలంగాణలో షీ టీమ్స్ వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో మొదట దిశ యాప్, ఆ తర్వాత శక్తి యాప్ వచ్చాయి. రోడ్డు మీద వెంటపడేవాడి విషయంలో ఇవి పనికొస్తాయి, కాదనను. కానీ ఫిర్యాదు ఇచ్చిన మర్నాడు ఆ అమ్మాయి ఎవరి ముందు వైవాకు నిలబడాలి? ఎవరి చేత ల్యాబ్ రికార్డు మీద సంతకం పెట్టించుకోవాలి? వీటికి ఏ యాప్ దగ్గరా సమాధానం లేదు.

సమాధానం మాత్రం ఎప్పుడో రాసిపెట్టి ఉంది. ఉన్నత విద్యాసంస్థల్లో లైంగిక వేధింపుల నివారణకు యూజీసీ తెచ్చిన ‘2015 నిబంధనల్లో’ తొమ్మిదోది చదవండి. విచారణ ముగిసేదాకా ఆగకుండా మధ్యలోనే సంస్థ ఏం చేయవచ్చో అందులో ఉంది. అంతర్గత ఫిర్యాదుల కమిటీ సిఫార్సు చేస్తే ఫిర్యాదుదారును గానీ ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తిని గానీ వేరే సెక్షన్‌కో విభాగానికో మార్చవచ్చు. బాధితురాలికి మూడు నెలల వరకు సెలవు ఇవ్వవచ్చు, ఆ సెలవు వల్ల ఆమెకు ఏ నష్టమూ రాకూడదు. ఆమె పరీక్షలు, పనితీరు మదింపు చేయకుండా ఆ వ్యక్తిని ఆపవచ్చు. దూరంగా ఉండమని హెచ్చరించవచ్చు. ముప్పు ఉందనుకుంటే ప్రాంగణంలోకే రానివ్వకపోవచ్చు. వీటిలో ఏ ఒక్కదానికీ టెండరు అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. ప్రిన్సిపాల్ సంతకంతో ఒక కాగితం చాలు.

ఆ కాగితం రాకపోతే ఏమవుతుందో ఇంజనీరింగ్ విద్యార్థులకు బాగా తెలుసు. జేఎన్‌టీయూ పద్ధతిలో హాజరు 75 శాతం ఉండాలి. 65కి తగ్గితే డిటెన్షన్. వేధించినవాడు ఉన్న క్లాసుకు వెళ్లలేక గదిలో ఉండిపోయిన అమ్మాయి ఏడాది కోల్పోతుంది. వేధించింది లెక్చరరే అయితే ఇంటర్నల్ మార్కులు ఆయన చేతిలోనే ఉంటాయి. కేసు కోర్టుకు చేరేలోగా ఆమె చదువు మానేసి ఇంటికి చేరుతుంది. మన దేశంలో నమోదయ్యే అత్యాచార కేసుల్లో తొంభై శాతానికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్లేనని జాతీయ నేర గణాంకాలు ఏటా చెబుతున్నాయి. తెలిసినవాడు గేటు బయట ఉండడు. పక్క బెంచీలోనో స్టాఫ్ రూములోనో ఉంటాడు. గేటు ముందే మూస్తే ఆమెను అతనితో పాటు లోపల పెట్టి మూసినట్టే.

గేటు మూయడాన్ని ఆ యూజీసీ నిబంధనలే తప్పుపట్టాయన్న సంగతి ఎంతమంది వార్డెన్లకు తెలుసు? భద్రత పేరు చెప్పి అబ్బాయిలకు లేని ఆంక్షలు అమ్మాయిల హాస్టళ్లలో పెట్టకూడదని, వాళ్ల రాకపోకలను అడ్డుకునే నిఘా వద్దని అందులో స్పష్టంగా ఉంది. వద్దన్నదాన్ని అమలుచేస్తూ, చేయవచ్చన్న తొమ్మిదోదాన్ని పక్కన పెట్టేశారు.

2025 జులైలో ఒడిశాలోని బాలాసోర్‌లో ఏం జరిగిందో చూశాం. ఫకీర్ మోహన్ కాలేజీ బీఈడీ విద్యార్థిని తన విభాగాధిపతి మీద లైంగిక వేధింపుల గురించి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసింది. రెండు వారాలు తిరగకముందే, పన్నెండో తేదీన ప్రాంగణంలోనే నిప్పంటించుకుంది. పద్నాలుగున చనిపోయింది. ఆ తర్వాత అరెస్టులు జరిగాయి, నిజనిర్ధారణ కమిటీలు వచ్చాయి. ఫిర్యాదు అందిన రోజు నుంచి ఆమె బతికి ఉన్న ఆ కొద్దిరోజుల్లో తొమ్మిదో నిబంధన కింద ఆమెకు ఏం చేశారన్నది తొలి ప్రశ్న కావాల్సింది. చర్చల్లో అది చివరి ప్రశ్న కూడా కాలేదు.

2024 డిసెంబరులో చెన్నై అన్నా విశ్వవిద్యాలయంలో విద్యార్థినిపై జరిగిన లైంగిక దాడి కేసులో దోషికి పడిన శిక్ష అందరికీ గుర్తుంది. 30 ఏళ్లకు తగ్గని యావజ్జీవ జైలు. దాడి జరిగిన నెలలోనే మద్రాస్ హైకోర్టు ఇచ్చిన ఆదేశం మాత్రం ఎవరికీ గుర్తులేదు. బాధిత విద్యార్థిని దగ్గర ఫీజులు వసూలు చేయకుండా చదువు పూర్తిచేయనివ్వాలని, కౌన్సెలింగ్ ఇప్పించాలని విశ్వవిద్యాలయానికి చెప్పింది. ఎఫ్ఐఆర్ బయటికి పొక్కినందుకు 25 లక్షల మధ్యంతర పరిహారం ఇమ్మని రాష్ట్ర ప్రభుత్వానికి చెప్పింది. అంటే ఆమెను ముందు విద్యార్థినిగా చూసింది. ఒక ధర్మాసనం రోజుల్లో చేసిన ఆలోచన కాలేజీ పాలకమండళ్లకు పదేళ్లయినా తట్టకపోవడం ఏమిటి?

నిందితుడికీ హక్కులు ఉన్నాయంటారు. ఉన్నాయి. ఆమె పేపరు ఇంకొకరు దిద్దితే ఆయనకు పోయే హక్కు ఏదీ లేదు. అది శిక్ష కాదు, తాత్కాలిక ఏర్పాటు. నిజానికి హడావుడి విచారణే ఆయనకు కలిసొస్తుంది. గోవా విశ్వవిద్యాలయంలో 2009లో విద్యార్థినులు ఒక విభాగాధిపతి మీద ఫిర్యాదు చేస్తే, కమిటీ తొందరపడి విచారణ సరిగా జరపలేదంటూ సుప్రీంకోర్టు 2023లో ఆ విభాగాధిపతి తొలగింపును రద్దుచేసింది. పద్నాలుగేళ్లు! ఆ రోజు ఫిర్యాదు చేసిన అమ్మాయిలకు ఈపాటికి ముప్పై దాటి ఉంటుంది.

మన దగ్గర పరిస్థితి చెప్పాలంటే హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) చాలు. 2023 అక్టోబరులో లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీని పునర్నియమించాలని విద్యార్థులు ధర్నా చేస్తున్న రోజుల్లోనే ప్రాంగణంలో ఒక విద్యార్థినిపై దాడి జరిగినట్టు ఫిర్యాదు వచ్చింది. కేసు ధర్నా చేసినవాళ్ల మీద కూడా పడింది. ఇక లక్షలాది మంది పిల్లలున్న ఇంటర్ కార్పొరేట్ కాలేజీలకైతే యూజీసీ నిబంధనలే వర్తించవు. పోక్సో కేసు పెట్టవచ్చు. ఆ పిల్ల మర్నాడు ఏ సెక్షన్‌లో కూర్చోవాలో చెప్పే కాగితం అక్కడ అసలు పుట్టనే లేదు. ఇంటర్ బోర్డులు ఈ ఏడాదే దాన్ని రాయాలి.

పన్నెండో నిబంధన కింద, మాట వినని సంస్థకు గ్రాంట్లు ఆపే అధికారం, గుర్తింపు జాబితా నుంచి పేరు తీసేసే అధికారం యూజీసీకి ఉన్నాయి. అవి వచ్చి పదేళ్లు. తొమ్మిదో నిబంధన కింద ప్రతి కాలేజీ ఎన్ని ఉత్తర్వులు ఇచ్చిందో, ఇవ్వని ఎన్ని కాలేజీల మీద పన్నెండోదాన్ని ప్రయోగించారో యూజీసీ బహిరంగంగా ప్రకటించాలి. ఆ సంఖ్య సున్నా అయితే, సున్నా అనే రాసి సంతకం పెట్టండి.